తిండి సయించనప్పుడు: తొండేభావి సీమలో ఆహార రుగ్మతలు, ఆదరణ

తొండేభావి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లా, గౌరీబిదనూరు తాలూకాకు చెందిన ఊరు. బెంగళూరు నుంచి హిందూపురం మీదుగా గుంతకల్లు వెళ్లే రైలు దారిలో మాకళిదుర్గ కొండలు దాటాక వస్తుంది. బయటివాళ్లకు సిమెంటు ఫ్యాక్టరీ పేరుతో తెలుసు. ఇక్కడి నుంచి బాగేపల్లి, చింతామణి దాకా ఉన్న నేలంతా 2007 వరకు కోలారు జిల్లా కిందే ఉండేది. బడిలో కన్నడం, కచేరీలో కన్నడం, చాలా ఇళ్లలో పొయ్యి దగ్గర మాత్రం తెలుగు. దారిలో ఎదురైనవాళ్లు "అన్నం తింటివా?" అంటారు, లేకపోతే "ఊట ఆయితా?" అంటారు. ఏ భాషలో పలకరించినా మొదటి మాట తిండి గురించే.

అడిగేవాళ్లకు అది కుశలప్రశ్న. కంచం ముందు కూర్చోగానే గొంతు బిగుసుకుపోయే పదహారేళ్ల పిల్లకు అది రోజుకు పదిసార్లు తప్పించుకోవాల్సిన ప్రశ్న. బిడ్డ రొమ్ము పట్టక కుమిలిపోతున్న బాలింతకు "బిడ్డ పాలు తాగిందా?" అన్న మాట కూడా అలాంటిదే. ఈ వ్యాసం వాళ్ల గురించి: వాళ్ల ఇబ్బందిని వైద్యం ఎలా చూస్తుంది, ఈ సీమలో అది ఏ మాటల్లో బయటపడుతుంది, నొప్పించని సాయం ఎక్కడ దొరుకుతుంది.

పేర్లు, రకాలు

"ఆహార రుగ్మత" అన్నది పత్రికల మాట. ఇంట్లో ఎవరూ అలా అనరు. "అన్నం సయించడం లేదు", "ముద్ద దిగడం లేదు", "తిన్నదంతా కక్కుకుంటోంది", "తిన్నది ఒంటికి పట్టడం లేదు", "ఎండిపోతా ఉంది" అంటారు. నా లెక్కలో రోగనిర్ధారణ మొదలయ్యేది ఈ మాటలతోనే. వీటిని పట్టించుకోకుండా బరువు చూసి, టానిక్కు రాసి పంపిస్తే అసలు సంగతి మరో ఏడాది మరుగున పడుతుంది.

వైద్యశాస్త్రం చాలాకాలం పసిపిల్లల తిండి కష్టాలను ఒకచోట, పెద్దవాళ్ల ఆహార రుగ్మతలను వేరొకచోట రాసుకుంది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తెచ్చిన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 రెంటినీ ఒకే అధ్యాయంలోకి చేర్చింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 కూడా అదే దారి పట్టింది. తెలుగులో తినడం, తినిపించడం ఒకే ధాతువు నుంచి పుట్టినవి కాబట్టి మనకు ఈ కలయిక కొత్తగా తోచదు.

అనొరెక్సియా నెర్వోసా ఉన్నవాళ్లు తిండి బాగా తగ్గించేస్తారు. ఒళ్లు ప్రమాదకరంగా చిక్కిపోయినా ఇంకా తగ్గాలనో, తింటే ఏదో అయిపోతుందనో భయపడతారు. మానసిక రుగ్మతల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో ఇదొకటి. బులీమియాలో అదుపు తప్పి తినేయడం, ఆ వెంటనే కక్కడమో కడుపు మాడ్చుకోవడమో చేయడం, దాన్ని దాచడం ఉంటాయి. బరువు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్లకే తెలియదు. బింజ్ ఈటింగ్‌లో కక్కడం ఉండదు, తిన్న తర్వాత సిగ్గు, తనమీద తనకే అసహ్యం మిగులుతాయి. ఆర్ఫిడ్ అనే రుగ్మతలో ఒంటి ఆకృతి మీద బెంగ ఏమీ ఉండదు. వాసన, రంగు, నోటికి తగిలే తీరు పడకనో, ఒకసారి పొలమారిన భయంతోనో తిండి నాలుగైదు పదార్థాలకు కుదించుకుపోతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. మట్టి, బలపం లాంటివి తినాలనిపించే పైకా, మింగినదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరేసే రుగ్మత కూడా ఈ అధ్యాయంలోవే.

చరిత్ర

1689లో లండన్ వైద్యుడు రిచర్డ్ మోర్టన్ జ్వరం, దగ్గు లేకుండానే తిండి మాని క్షీణించిన ఒక అమ్మాయి సంగతి రాశాడు. 1873లో పారిస్‌లో లాసెగ్, లండన్‌లో విలియం గల్ అనే వైద్యులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ స్థితిని వర్ణించారు. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు స్థిరపడింది గల్ వల్లే. బులీమియాను 1979లో జెరాల్డ్ రసెల్ విడిగా గుర్తించాడు.

దీన్ని పడమటి దేశాల జబ్బు అని తోసెయ్యడం తేలిక. ఆయుర్వేదం మాత్రం అరోచకాన్ని, అంటే తిండి సయించకపోవడాన్ని, అయిదు రకాలుగా చెప్పి, శోకం, భయం, కోపం వంటి మనస్తాపాల వల్ల వచ్చేదాన్ని ప్రత్యేకంగా ఒక రకంగా లెక్కపెట్టింది. దానికి ఊరట కలిగించడం, మనసుకు సంతోషం చేకూర్చడం చికిత్సగా చెప్పింది. బెంగతో తిండి మానేవాళ్లను ఈ దేశం ఎప్పటినుంచో ఎరుగునన్నమాట.

ఇక్కడ జరిగిన పరిశోధనలు మరో హెచ్చరిక కూడా చేస్తాయి. 1989లో మైకేల్ కింగ్, దినేశ్ భుగ్రా అనే మనోవైద్యులు ఉత్తర భారత విద్యార్థినులకు ఇంగ్లండులో వాడే ప్రశ్నావళి ఇచ్చి చూశారు. తిండి విషయంలో నిష్ఠగా ఉంటావా అన్న తరహా ప్రశ్నలకు కొందరు ఉపవాసాలను తలచుకుని అవునన్నారు. రుగ్మత లేనిచోట రుగ్మత కనబడింది. ఒక్కపొద్దులు పాటించే ఇళ్లలో దీనికి తిరగబడ్డ ప్రమాదం కూడా ఉంది: శనివారం ఒక్కపొద్దుండే పిల్ల గురువారం, సోమవారం కూడా మొదలుపెడితే భక్తి అనుకుంటారు. ఏకాదశికో, శివరాత్రికో, రంజాను నెలలోనో అందరితోపాటు ఉండి అందరితోపాటు విడిచేది వ్రతం. ఒంటరిగా, రహస్యంగా, రోజురోజుకీ పెరిగేది అయితే ఆగి ఆలోచించాలి.

చిత్తూరు పొరుగునే ఉన్న వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మనోవైద్య విభాగానికి వచ్చిన పిల్లలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో 41 మందికి ఆహార రుగ్మత తేలింది. అందులో 35 మందిది మానసిక కారణాల వల్ల వచ్చే వాంతి, 6 మందిదే అనొరెక్సియా. ఈ లెక్క నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. మన పిల్లల్లో బాధ చాలాసార్లు "నేను లావుగా ఉన్నాను" అన్న మాటగా రాదు. కడుపులో తిప్పడంగా, వాంతిగా వస్తుంది. పరీక్షల ముందు, ఇంట్లో గొడవల తర్వాత పదేపదే వాంతి చేసుకునే పిల్లకు గ్యాసు మాత్రలు, స్కానింగులు అయిపోతూనే ఉంటాయి, మనసులో ఏముందో అడిగేవాళ్లుండరు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మనోవైద్యుడు కూడా 1990ల్లో లావు భయం లేని అనొరెక్సియాను వర్ణించి, పుస్తకంలోని లక్షణం కోసమే వెతికే వైద్యులను హెచ్చరించాడు.

2012లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన ప్రభా చంద్ర, ఆమె సహచరులు ఆ నగరంలోని 66 మంది మనోవైద్యులను అడిగితే, మూడింట రెండు వంతుల మంది కనీసం ఒక ఆహార రుగ్మత కేసు చూశామన్నారు. తొండేభావి నుంచి రైలెక్కితే ఆ బెంగళూరే.

సంగటి ముద్ద, ఉగ్గుగిన్నె

ఈ సీమ తిండి రాగి సంగటి. పక్కన ఉలవచారో, అనపగింజలు పితికిన పప్పో, ఆకుకూర పులుసో. సంగటిని నమలరు. వేళ్లతో చిన్న ఉండ తుంచి, చారులో పొర్లించి, నాలుక వెనక్కి చేర్చి మింగేస్తారు. పిల్లలకు కూడా "నమలొద్దు, మింగు" అనే నేర్పుతారు. ఇందులో ఎంత పనితనం ఉందో మింగలేని బిడ్డను చూస్తే గాని తెలియదు. పెదాలు మూసుకోవాలి, నాలుక ముద్దను వెనక్కి తోయాలి, సరిగ్గా ఆ క్షణానికి శ్వాసనాళం మూసుకోవాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు ఈ వరస కుదరదు. ముద్ద అంగిలికి అతుక్కుంటుంది, దగ్గు వస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చూసేవాళ్లు "వద్దంటా మొండికేస్తా ఉంది" అంటారు. నిజానికి ఆ బిడ్డ తన ఊపిరిని కాపాడుకుంటోంది.

ఇలాంటి పిల్లలకు తినిపించడం ఒక విద్య. మింగే తీరు పరీక్షించి చెప్పేది స్పీచ్ థెరపిస్టు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో పేరున్న చోటు. సాధారణంగా చెప్పేది ఇది: పడుకోబెట్టి పెట్టకూడదు, నిటారుగా ఆనించి కూర్చోబెట్టాలి, తల వెనక్కి వాల్చి పోయకూడదు, చిన్న చెంచాతో కొద్దికొద్దిగా, మింగిందని చూసుకున్నాకే రెండోది. గట్టి సంగటి బదులు చెంచాలో నిలిచేంత చిక్కటి రాగి జావ ఏ పాకంలో నప్పుతుందో థెరపిస్టుతో కలిసి తేల్చుకోవచ్చు. తింటున్నప్పుడు పదేపదే దగ్గు, గొంతులో గురగుర, మాటిమాటికీ ఛాతీ జ్వరం వస్తున్నాయంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందేమోనని వెంటనే చూపించాలి.

మన ఇళ్లలో ఉగ్గుగిన్నె ఉండేది. సన్నని మూతి ఉన్న ఆ చిన్న గిన్నెను ఇప్పుడు ఆసుపత్రుల్లోని నవజాత శిశు విభాగాలు వాడుతున్నాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, పెదవి లేదా అంగిలి చీలికతో పుట్టిన బిడ్డ రొమ్మును పట్టి లాగలేకపోతే, తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో అందిస్తారు. బిడ్డను కాస్త లేవనెత్తి పట్టుకుని, గిన్నె మూతిని పెదవి మూలన ఆనించి, ఒక్కో గుటకా మింగేదాకా ఆగాలి. ముక్కు మూసి, కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి గొంతులో పోసే పాత పద్ధతి మాత్రం ప్రాణాంతకం. పనిముట్టు మంచిదే, వాడే చేతికి ఓపిక కావాలి.

ఈ తాలూకాలోనే ఉన్న విదురాశ్వత్థంలో వేలకొద్దీ నాగశిలలు ఉన్నాయి. సంతానం కోసం మొక్కుకుని ప్రతిష్ఠించినవి. అంత ఎదురుచూసి కన్న బిడ్డ పాలు పట్టకపోతే తల్లి ఏమవుతుంది? చుట్టుపక్కలవాళ్లు "నీకు పాలు చాల్లేదు" అంటారు, అత్తగారు దిష్టి తీస్తుంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసినంత మాత్రాన నష్టమేమీ లేదు, దాంతో సరిపెట్టుకుని నాలుగు వారాలు గడిపితేనే నష్టం. తల్లికి కాన్పు తర్వాతి కుంగుబాటు ఉంటే బిడ్డ తాగడం, తల్లి పట్టడం రెండూ దెబ్బతింటాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో మానసికంగా జబ్బుపడిన తల్లిని బిడ్డతో సహా చేర్చుకునే ప్రత్యేక విభాగం ఉంది. బిడ్డను విడదీయకుండా తల్లికి వైద్యం చేయడమే దాని ఉద్దేశం. ఇంతకన్నా దయగల ఏర్పాటు నాకు తెలియదు.

ఇక మట్టి తినడం. గర్భిణులు, చిన్నపిల్లలు మట్టి, బలపాలు, సున్నం, పచ్చి బియ్యం తినడం ఈ పల్లెల్లో కొత్త కాదు. కొంగుముడిలో బలపం ముక్కలు దాచుకునేవాళ్లు సిగ్గుతో చెప్పరు. చాలామందిలో దీని వెనక ఇనుము లోపం, రక్తహీనత ఉంటాయి. పరీక్ష చేసి ఇనుము మాత్రలు ఇస్తే ఎంతోమందిలో ఆ కోరిక తగ్గుతుంది. చేతిమీద కొట్టి మాన్పించడం వల్ల దాచడం నేర్చుకుంటారు, అంతే.

ఆకలి మనసును ఏం చేస్తుంది

"తింటే బాగవుతావు గదా, తినొచ్చు గదా" అన్న మాట ఎందుకు పనిచేయదో 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో తేలింది. యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు వాళ్ల ఒప్పుదలతో ఆరు నెలల పాటు అరకడుపు తిండి పెట్టాడు. వాళ్ల శరీర బరువులో దాదాపు పావు వంతు పోయింది. దానితోపాటు మనసూ మారింది. పొద్దస్తమానం తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, ఒక్క కంచాన్ని గంటల తరబడి తిన్నారు, నలుగురిలోకి వెళ్లడం మానుకున్నారు, చిరాకు పడ్డారు, దిగులుపడ్డారు. అంతకుముందు వాళ్లకు ఏ జబ్బూ లేదు. అంటే కూతురు వంటింట్లో అందరికీ వండిపెట్టి తాను తినకపోవడం, మాట్లాడితే కసురుకోవడం కొంతవరకు ఆకలి చేయిస్తున్న పనులే. పిల్ల గుణం చెడిందనుకున్న తల్లిదండ్రులు ఇది తెలుసుకుంటే వాళ్ల గొంతు దానంతటదే మెత్తబడుతుంది.

మరొక ముఖ్య విషయం. చాలా రోజులు కడుపు మాడినవాళ్లకు ప్రేమకొద్దీ ఒకేసారి కడుపునిండా పెట్టడం ప్రమాదం. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందుకే బాగా చిక్కిపోయినవారికి తిండి పెంచడం ఆసుపత్రిలో, రక్తపరీక్షలు చూస్తూ మొదలవుతుంది. పౌష్టికాహార పునరావాస కేంద్రాల్లో పిల్లలకు ముందు ఎఫ్-75 అనే పల్చటి పాలమిశ్రమం, ఒళ్లు నిలదొక్కుకున్నాకే ఎఫ్-100 ఇచ్చేది ఈ కారణంతోనే.

ఎలా మాట్లాడాలి

ఒంటి గురించిన మాటతో మొదలుపెట్టకూడదు. "ఏమే, అట్లా పుల్ల మాదిరి అయితివి" అన్నా, కోలుకుంటున్న పిల్లతో "ఇప్పుడు ఒళ్లు చేసినావు, బాగుండావు" అన్నా గాయమే. రెండోది మరీను. మెచ్చుకోలు అనుకుని అన్న ఆ మాట ఆమె చెవికి "లావైపోయావు" అని వినిపిస్తుంది. పెళ్లిచూపుల ప్రస్తావన ఎంతమాత్రం తేవద్దు. అన్నం వేళ కాకుండా, బట్టలు మడతపెడుతున్నప్పుడో పూలు కడుతున్నప్పుడో పక్కన కూర్చుని, "పాపా, కొన్నాళ్లుగా నువ్వు అన్నం దగ్గర ఇబ్బందిపడుతున్నట్టు అగుపిస్తోంది. నాతో చెప్పుకుంటావా? తిట్టనులే" అంటే, ఆ రోజు కాకపోయినా వారానికి చెబుతుంది.

వైద్యులు, ఆశా కార్యకర్తలు వాడుకోదగ్గ చిన్న ప్రశ్నావళి ఒకటి 1999లో లండన్‌లో తయారైంది. స్కాఫ్ అంటారు. అయిదే ప్రశ్నలు: కడుపు బరువెక్కి బాధగా ఉందని కావాలని కక్కుకుంటావా, ఎంత తింటున్నావో అదుపు తప్పుతోందని భయపడతావా, మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గావా, అందరూ సన్నగా ఉన్నావంటున్నా లావుగా ఉన్నాననిపిస్తుందా, బతుకంతా తిండి ఆలోచనే అయిపోయిందా. రెండింటికి అవునంటే లోతుగా చూడాలి. వెల్లూరు అనుభవాన్ని బట్టి మన దగ్గర వాంతి గురించి, కడుపునొప్పి గురించి విడిగా అడగడం కూడా అవసరం.

చికిత్సలో కుటుంబానిదే పెద్ద పాత్ర. లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో 1980ల్లో రూపుదిద్దుకున్న పద్ధతి తల్లిదండ్రుల మీద నెపం వేయదు. ప్రతి పూటా పక్కన కూర్చుని తినిపించే బాధ్యతను కొంతకాలం వాళ్లకే అప్పగిస్తుంది, కోలుకున్నకొద్దీ ఆ పెత్తనాన్ని పిల్లకు తిరిగి ఇప్పిస్తుంది. అవ్వాతాతలతో కలిసుండే ఇళ్లకు ఇది బాగా నప్పుతుంది, పెద్దవాళ్లంతా ఒకే మాట మీద ఉంటే. వయోజనులకు ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తీర్చిదిద్దిన ఆలోచనా ప్రవర్తనా చికిత్స ఎక్కువగా వాడతారు. కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మధ్యలో వెనక్కి జారడం కూడా జబ్బులో భాగమే.

సాయం దొరికే చోట్లు

ఊళ్లో మొదటి గడప అంగన్వాడీ. టీచరమ్మ బిడ్డ ఎడమ చేతిని భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన పట్టి, రంగుల పట్టీ చుట్టి, కిటికీలాంటి సందులో కనబడే అంకె చూస్తుంది. ఆకుపచ్చయితే పరవాలేదు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకు అది తీవ్ర పోషణ లోపం. ఆ పట్టీ ఆకలిని కొలుస్తుంది, మింగలేకపోవడాన్నీ భయాన్నీ కొలవలేదు. అందుకే ఎరుపు వచ్చినప్పుడు "ఏం పెడుతున్నావు?" అనే కాక "ఎట్లా తింటాడు?" అని కూడా అడగాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చే వైద్య బృందాలు పుట్టుకలోపాలు, ఎదుగుదల ఆలస్యాలు గుర్తించి జిల్లా స్థాయికి పంపిస్తాయి.

మనోవైద్యుణ్ని చూడాలంటే ముందుగా తాలూకా ఆసుపత్రిలో విచారించవచ్చు. కర్ణాటక ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన మనోచైతన్య కార్యక్రమం కింద నిర్ణీత మంగళవారాల్లో మనోవైద్యులు తాలూకా ఆసుపత్రులకు వస్తారు. అక్కడికి వెళ్లడానికి జంకేవాళ్లకు టెలి మానస్ ఉంది: 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగు, కన్నడం సహా 20 భాషల్లో మాట్లాడతారు. ఇది ఈ సీమవాళ్లకు చిన్న సంగతి కాదు. ఆసుపత్రిలో కన్నడంలో "హొట్టె నోవు" అని కడుపునొప్పి ఒక్కటే చెప్పి తిరిగొచ్చిన మనిషి, తెలుగులో అయితే "అన్నం చూస్తే భయమేస్తోందక్కా" అనగలదు.

కొన్ని గుర్తులు కనబడితే ఫోన్లూ మంగళవారాలూ అనుకోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కళ్లు తిరిగి పడిపోవడం, గొంతుక్కూర్చుని చేతి ఊతం లేకుండా లేవలేకపోవడం, కాళ్లు నీరు పట్టడం, వాంతిలో నెత్తురు, గుండె దడ లేదా నాడి మరీ నెమ్మదించడం, చచ్చిపోవాలన్న మాట. పసిబిడ్డయితే ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం, పాలు తాగుతూ నీలబడటం, లేపినా లేవకపోవడం. క్లిష్టమైనవాటిని బెంగళూరులోని నిమ్హాన్స్, సెయింట్ జాన్స్, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులకు పంపుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సొమ్ముతో నడిచే సేవల్లో చికిత్స పొందడాన్ని హక్కు చేసింది. గౌరవంగా చూడమని అడగడం కూడా అందులో భాగమే.

వెళ్లేటప్పుడు తాయి (తల్లీబిడ్డల) కార్డు, బిడ్డ బరువులు రాసిన చీటీలు, ఇంతకుముందు వాడిన మందుల కాగితాలు సంచిలో పెట్టుకోవాలి. మూడు రోజుల పాటు ఏం తిన్నది, ఎంతసేపు పట్టింది, ఎప్పుడు దగ్గింది, ఎప్పుడు కక్కింది ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకుని వెళితే చాలు. పదేళ్లు దాటిన పిల్లయితే కాసేపు తల్లి బయట ఉండి, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వాలి.